నాపరాతి నేల మీద ఈథర్‌నెట్



మా సారు సిమెంటు ఫ్యాక్టరీ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఒక తరాన్ని తయారుచేశారు. ఆయన్ని తలుచుకుంటే ముందు నాకు నీళ్ల బిందె కళ్లలో మెదులుతుంది. ఉగాది దాటితే చాలు, ఎర్తు గుంతలన్నిటికీ దగ్గరుండి నీళ్లు పోయించేవారు. ఈరోజు నేను చెప్పబోయే చరిత్ర ఎక్కడో అమెరికాలో మొదలవుతుంది గానీ, ఆ బిందె దగ్గరికే వస్తుంది.

1973 మే 22న జిరాక్స్ సంస్థ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఒక మెమో రాశారు. ఆ మెమోలోని ఆలోచనతో, డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన కట్టిన నెట్‌వర్కే ఈథర్‌నెట్. అప్పటి వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. అది నడిచే తీరు మన రచ్చబండ తీరే. ఎవరూ మాట్లాడనప్పుడు మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరూ ఆగి, తలా కొంతసేపు ఊరుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. ఎంతసేపు ఊరుకోవాలన్నది లాటరీ. పదహారుసార్లు ప్రయత్నించినా సందు దొరక్కపోతే ఆ మాట అక్కడికి వదిలేయడమే.

ఆఫీసులో ఉత్తరం అచ్చేసుకునేవాడికి ఆ లాటరీతో పేచీ లేదు. ఫ్యాక్టరీ మాత్రం ఒప్పుకోలేదు. సందేశం ఎప్పుడు చేరుతుందో చెప్పలేని తీగకు కన్వేయర్‌ను ఆపే బాధ్యత ఎవరు అప్పగిస్తారు? అందుకే 1983లో ఈథర్‌నెట్ ఐట్రిపుల్ఈ 802.3 ప్రమాణమైనా, ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద మాత్రం కొలతలు మోసే 4–20 మిల్లీఆంపుల కరెంటు, 1979 నాటి మాడ్‌బస్, ఆ తర్వాత ప్రొఫీబస్ రాజ్యమేలాయి.

ఆ లాటరీని తీసేసింది స్విచ్. 1990లో మొదటి ఈథర్‌నెట్ స్విచ్‌ను తెచ్చిన కంపెనీ పేరు కల్పన. స్థాపించినది భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్. ఈ పేరు ఇంజినీరింగు పిల్లలకు పాఠంలో చెప్పకపోవడం నాకు బాధ. స్విచ్‌లో ప్రతి యంత్రానికీ తనదైన దారి ఉంటుంది. 1997లో రెండువైపులా ఒకేసారి మాట్లాడే పద్ధతికి ప్రమాణం వచ్చాక ఢీకొనడమన్నదే పోయింది. దాంతో ఫ్యాక్టరీకీ ఈథర్‌నెట్ పనికొచ్చింది: 1999లో మాడ్‌బస్ టీసీపీ, ఆ వెంటే ప్రొఫీనెట్, ఈథర్‌నెట్/ఐపీ, 2003లో బెకాఫ్ వారి ఈథర్‌క్యాట్ వరసగా వచ్చాయి.

ఇక ఎర్రగుంట్ల, బేతంచెర్ల, కొలిమిగుండ్లల మన నేలకు వద్దాం. 1955లో ఏర్పడిన పాణ్యం సిమెంట్స్ మొదలు 2022లో కొలిమిగుండ్ల దగ్గర ప్రారంభమైన రామ్‌కో దాకా ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది కాళ్ల కింది సున్నపురాయి కోసమే. ఈ నెట్‌వర్కుల పుస్తకాలు మైక్రోసెకన్ల గురించి చెబుతాయి. రోబోలకు అవి కావాలి. నిమిషానికి నాలుగైదు చుట్లు తిరిగే సిమెంటు కొలిమికి, అంటే కిల్న్‌కు, మైక్రోసెకన్లతో పనేముంది? దానికి కావలసింది ఆగకపోవడం. లోపల 1450 డిగ్రీల దగ్గర క్లింకర్ కాలుతుంటే, ఆగిన కిల్న్‌లో ఇటుక పగులుతుంది, మళ్లీ వేడెక్కించడానికి గంటలకు గంటలు పడుతుంది. అందుకే మనకు రింగు ముఖ్యం. స్విచ్‌లన్నిటినీ వలయంగా కలిపితే ఒకచోట తీగ తెగినా కబురు రెండోవైపు నుంచి వెళుతుంది. ఎంఆర్‌పీ అనే రింగు పద్ధతిలో యాభై స్విచ్‌ల రింగు కూడా 200 మిల్లీసెకన్లలోపు తేరుకుంటుంది.

అయితే ఇక్కడ రింగు తెగడం కంటే నేల పెట్టిన కష్టమే ఎక్కువ. తడి బంకమట్టి కరెంటును తేలిగ్గా తీసుకుంటుంది. ఎండిన బండరాయి తీసుకోదు, దాని నిరోధం కొన్ని వందల రెట్లు ఎక్కువ. దాంతో క్రషర్ దగ్గరి ఎర్తు, కంట్రోల్ రూము ఎర్తు ఒక్కటిగా ఉండవు. పిడుగు పడిన క్షణంలో ఆ రెంటి మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. మధ్యలో రాగి కేబుల్ ఉంటే ఆ తేడా అంతా దాని మీదుగానే పరుగెత్తుతుంది.

ఒక ఫ్యాక్టరీలో నేనే ఇది చూశాను. ప్యాకింగ్ ప్లాంటు తొంభై మీటర్ల దూరమే, రాగికి వంద మీటర్ల దాకా అనుమతి ఉంది కదా అని రాగే లాగారు. తొలకరి ఉరుములకు పోర్టులు మాడిపోయాయి. కొత్త స్విచ్ పెడితే అదీ మాడింది. సారు వచ్చి స్విచ్ వైపు చూడనైనా లేదు, నేరుగా ఎర్తు గుంత దగ్గరికి నడిచారు. బొగ్గు, ఉప్పు వేసిన గుంత ఎండి నెర్రెలిచ్చి ఉంది. "మీటరు పెట్టి చూడుబ్బా" అన్నారు. ఓములు కొలిచాం. ఆ వారమే రెండు భవనాల మధ్య ఫైబర్ వేయించారు. గాజుపోగుకు ఎర్తు తేడాతో నిమిత్తం లేదు. గని–శకునాల సోలార్ పార్కులా వేల ఎకరాల్లో పరుచుకున్నచోట ఇన్వర్టర్ గదులను కలిపేందుకు ఫైబరే దిక్కు కావడానికి దూరంతో పాటు ఇదీ కారణమే.

2019లో మరో ప్రమాణం వచ్చింది. ఒక్క జత తీగల మీద సెకనుకు 10 మెగాబిట్లు, వెయ్యి మీటర్ల దాకా. ప్రీహీటర్ పైఅంతస్తులోని ట్రాన్స్‌మిటర్‌కు కరెంటు, కబురు రెండూ ఆ జత మీదే పంపవచ్చు. పాత ఫీల్డ్‌బస్ కేబుల్ టైప్-ఏ రకమైతే తిరిగి వాడుకోవచ్చు. అలాంటి ఒక ప్రీహీటర్ మీది జంక్షన్ బాక్సు మొన్న తెరిచాను. దుమ్ము తుడిస్తే తీగ తీగకూ సారు తొడిగించిన నంబర్ల ఫెర్రూల్స్ కనిపించాయి. అంకెలన్నీ చదవడానికి వస్తున్నాయి.