బుట్ట వెల, బిడ్డ చదువు

భద్రాచలంలో రామదర్శనం చేసుకొన్నవారు ఇంటికి ఏదో ఒక గుర్తు తెచ్చుకొంటారు. అది ఆ చుట్టుపట్ల అడవిపల్లెలలో అల్లిన వెదురుబుట్ట కావచ్చును.

ఆ బుట్ట వెనుక ఎంతో పని ఉన్నది. ముదురు వెదురు ఏరి నరకవలె; పురుగు పట్టకుండా నీట నానవేయవలె; బద్దలు చీల్చి, నునుపుచేసి అల్లవలె. వెదురు సేకరించి అమ్ముకొనే హక్కును అడవివాసులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించినది.

నడవలేని బిడ్డ ఉన్న ఇంటికి ఈ రాబడి మరింత అవసరం. 40 శాతానికి తగ్గని వైకల్యమున్న పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచితవిద్యను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హక్కుగా ఇచ్చినది. కాని బిడ్డను ఎత్తుకొని వాగు దాటి బడికి చేర్చే తల్లి ఆనాటి కూలి పోగొట్టుకొంటుంది. ఇంటిపట్టున అల్లిన బుట్ట ఆ లోటును కొంత పూడ్చగలదు. అయితే అల్లవలసినది పెద్దలు; బిడ్డ బడి మాని అల్లరాదు.

1956లో ఐరోపాలో, నోటితోను కాలితోను చిత్రాలు వేసేవారు సంఘంగా కూడి తమ చిత్రాల అచ్చుప్రతులను అమ్మసాగారు. వారు కోరినది జాలి కాదు, పనికి తగిన వెల.

మేము మనవి చేసేదీ అదే. బుట్టను త్రిప్పి చూచి, అల్లిక గట్టిదైతేనే కొందాము, కొన్నప్పుడు బేరమాడకుందాము. బిడ్డల పేర అమ్మేచోట, వెలలో వారికి చేరేదెంత అని అడుగుదాము. అలా అడగడం అమర్యాద కాదు.