చేరువ కొండలు



కాశీరామేశ్వరములు సేవించివచ్చినవారు మన సత్తెనపల్లి ప్రాంతమున పెక్కుమంది కలరు. మన యూరికి వాయవ్యముగా, ఒక్కపూట ప్రయాణములోనున్న బెల్లంకొండ దుర్గమును చూచినవారు మాత్రము మిక్కిలి తక్కువ. 1515వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు కొండవీటి దండయాత్రలో గజపతులనుండి గైకొన్న దుర్గములలో ఇది యొకటి. అట్టి స్థలములను మన బిడ్డలు చూడవలయును. అయితే చూచుటకును ఒక మర్యాద కలదు.

పూర్వము మన తాలూకాలోనిదైన అమరావతి సంగతి వినుడు. 18వ శతాబ్దాంతమున పట్టణనిర్మాణమునకై దీపాలదిన్నెను త్రవ్వి, ఇటుకలను, రాళ్లను కొనిపోయిరి. కొన్ని శిల్పములు సున్నమునకై కాల్పబడెను. 1797లో ఆ దిబ్బను చూచిన మెకంజీ దొర 1816లో మరల వచ్చునప్పటికి దాని నడుమ చెరువు త్రవ్వబడియుండెను. మిగిలిన శిల్పములలో అనేకములను చూడవలెనన్న నేడు మనము చెన్నైకో లండనుకో పోవలసియున్నది.

అది అన్యుల తప్పని నేను చెప్పజాలను. ముప్పదియేండ్ల క్రిందట విద్యార్థులతో ఒక కొండకోటకు పోయి, చెక్కడము గల చిన్న రాతిపెచ్చు నొకదానిని ముచ్చటపడి తెచ్చి, కాగితములు ఎగిరిపోకుండ బల్లపై నుంచికొంటిని. మరునాడు నలుగురు బాలురు తమ సంచులనుండి తలకొక రాతిముక్కను దీసి సంతోషముతో నాకు చూపిరి. గురువు తెచ్చెను గనుక వారును తెచ్చిరి. వారిని మందలించుటకు నాకు నోరు రాలేదు. తరువాతి ఆదివారము అయిదు ముక్కలను మరల మోసికొనిపోతిమి గాని, ఏది యెచ్చటిదో గుర్తింపలేక ఒక గోడమొదట నుంచి వచ్చితిమి.

కార్తికమాసపు వనభోజనములు మనకు తాతలనాటి యాచారము. ఆనాటి విస్తరాకులు మట్టిలో కలిసిపోయెడివి. నేటి గాజుసీసా పగిలి మేకలకాపరి కాలిలో దిగుచున్నది. ప్లాస్టిక్ సంచి ఆవు కడుపున చేరుచున్నది. ఎండుగడ్డిలో పారవేసిన బీడీముక్క కొండనంతయు కాల్చగలదు.

కావున గ్రామపెద్దలగు మీకు నా మనవి యిది. వానలు వెనుకబట్టిన పిమ్మట, పలనాటి యెండలు ముదురకమునుపే పిల్లలను మీరే వెంటబెట్టుకొని పొండు. దారి యెరిగిన స్థానికుని తోడు గొనుడు. త్రాగునీరు కొనిపోవుడు, ప్రొద్దు వాలకమునుపే కొండ దిగుడు. గోడలపై పేర్లు చెక్కనీయకుడు. నిధులున్నవని త్రవ్వువారిని వారింపుడు. తీసికొనిపోయిన చెత్తను మరల ఇంటికి తెండు. అచ్చటి రాతిని మాత్రము అచ్చటనే యుంచుడు. మీరు వంగి ఒక సీసాపెంకు నేరినచో, నా యుపన్యాసముకంటె అదియే పిల్లలకు మేలైన పాఠము.