శ్రుతి చూసే పెడల్

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలోని సత్యసాయి నిగమాగమంలాంటి హాల్లో మీ బ్యాండు వాయించబోతోందనుకోండి. ఎండలోంచి గిటార్‌ను ఏసీలోకి తెచ్చారు. ఉక్కు తీగలు చల్లబడి బిగుస్తాయి, శ్రుతి పైకి పోతుంది. కాసేపటికి వేదిక దీపాల వేడికి కిందికి జారుతుంది. పక్కన డ్రమ్స్ మోగుతుంటే చెవితో సరిచేసుకోవడం ఎంత కష్టమో వాయించేవాళ్లకు తెలుసు. ట్యూనర్ యాప్ వాడినా ఫోన్ మైకులో ఆ రొదంతా పడుతుంది.

ట్యూనర్ పెడల్ మాత్రం గిటార్ కేబుల్‌లో వచ్చే తీగ స్వరాన్నే వింటుంది. కాలితో నొక్కితే స్పీకర్‌కు శబ్దం ఆగుతుంది. లైట్లు చూస్తూ బిరడా తిప్పుకోవచ్చు, సభకు ఏమీ వినపడదు.

శ్రుతి తేడాను సెంట్లలో కొలుస్తారు, అర్ధస్వరానికి 100 సెంట్లు లెక్క. తేడా ఒక సెంటు మించని పెడల్ చాలు. బెరింగర్ టీయూ300ది ప్లాస్టిక్ బాడీ, ధర తక్కువ, ఇంటి సాధనకు నిక్షేపంలా సరిపోతుంది. తరచూ వేదికెక్కేవారు ఇంకొంత కూడబెట్టి లోహపు బాడీ ఉన్న బాస్ కంపెనీ టీయూ-3 తీసుకోవాలని నా మాట. రెండూ 9 వోల్టులవే. అడాప్టర్ పిన్నులో మధ్య భాగం నెగెటివ్ ఉండాలి. రౌటర్ అడాప్టర్ పట్టింది కదా అని గుచ్చకండి, పెడల్ పాడవొచ్చు.

పెడల్‌బోర్డు మీద గిటార్ తర్వాత మొదటి చోటు ట్యూనర్‌కే ఇవ్వండి. డిస్టార్షన్ పెడల్ దాటి వచ్చిన స్వరాన్ని ఇది సరిగా పట్టుకోలేదు.

దుకాణంలో అన్నిటికన్నా లావు తీగను, అంటే 82 హెర్ట్జ్ 'ఇ'ని, మీటి చూడండి. సూచిక తడబడకుండా నిలిస్తేనే డబ్బులివ్వండి.