సేవ్ కాని పగార్ షీట్



ఈనాటి మన పాఠం ఒక చిన్న ఎర్రర్ మెసేజ్ గురించి. మీలో చాలామంది రేపు ఏదో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఏదో ఒక రోజు ‘మీకు అనుమతి లేదు’ అనే వాక్యం తెర మీద కనబడుతుంది. అది కనబడగానే కొందరు కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేస్తారు. మరికొందరు వైరస్ వచ్చిందంటారు. ఎక్కువమంది మాత్రం తప్పు తమదే అనుకొని భయపడతారు. అలా భయపడిన ఒక కుర్రవాడి సంగతితో పాఠం మొదలుపెడదాం.

సూరత్ నగరానికి దక్షిణాన, ముంబయి వెళ్ళే రైలు మార్గం మీద సచిన్ ఉంది. ఒకప్పుడు అది సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. తర్వాత గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ అక్కడ పెద్ద ఎస్టేటు పెట్టింది. మరమగ్గాలు, అద్దకం మిల్లులు, నూలు గోదాములు వచ్చాయి. ఒక ప్రత్యేక ఆర్థిక మండలం కూడా సచిన్‌లోనే ఉంది. సూరత్‌లో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. తండ్రులు సాంచాల మీద పనిచేస్తే, పిల్లలు అదే మిల్లు ఆఫీసులో కంప్యూటర్ మీద కూర్చునే కాలం వచ్చింది.

నేను చెప్పే కుర్రవాడు అలాంటి ఇంటివాడే. సచిన్‌లో ఒక నేత మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరి రెండు నెలలైంది. పాత మునీమ్ ఉద్యోగం మానేయడంతో పగార్ షీట్ ఇతని చేతికి వచ్చింది. పగార్ అంటే అక్కడ జీతం. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలని చట్టం. ఆరో తేదీ సాయంత్రం అతను ఎక్సెల్‌లో షీట్ తెరిచి అంకెలన్నీ వేసి సేవ్ నొక్కాడు. సేవ్ కాలేదు. మార్పులు అసలు ఫైలులోకి వెళ్ళలేదు, వేరే తాత్కాలిక ఫైలులోకి వెళ్ళాయి అని మెసేజ్ వచ్చింది. కంగారులో మళ్ళీ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. మర్నాడు శేఠ్ ఆ ఫోల్డరు తెరిచి చూస్తే, పగార్ షీట్ పాత అంకెలతోనే ఉంది. దాని పక్కన ఎనిమిదేసి అక్షరాలూ అంకెలూ కలిసిన అర్థంలేని పేర్లతో ఆరు ఫైళ్ళు ఉన్నాయి. వాటి ఓనర్ ఎవరని చూస్తే కుర్రవాడి పేరు. జీతాల లెక్కను దొంగచాటుగా కాపీలు తీసి దాచాడని శేఠ్‌కు అనుమానం వచ్చింది.

వేరే పని మీద ఆ రోజు నేను ఆ ఆఫీసుకు వెళ్ళాను. కుర్రవాడు పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: “సార్, నేనేం జేయలే సార్. సేవ్ ఒక్కటే కొట్టిన. ఆ ఫైళ్ళు ఎట్లొచ్చినయో నాకెర్కలే.”

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకు నిజమో అర్థం కావాలంటే రెండు విషయాలు తెలియాలి. ఒకటి, అనుమతి అంటే ఏమిటి? రెండు, సేవ్ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుంది?

మొదటిది చూద్దాం. ఒకే కంప్యూటర్‌ను అనేకమంది వాడడం 1960ల తొలి రోజుల్లో మొదలైంది. అమెరికాలోని ఎంఐటీ సంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ప్రదర్శించింది. ఎవరి ఫైళ్ళు వారివిగా ఉండాలి కనుక పాస్‌వర్డ్ అవసరమైంది. ఆ దశాబ్దంలోనే ఒకరోజు అక్కడ లాగిన్ చేసిన ప్రతి ఒక్కరి టెర్మినల్ మీద, ఆ రోజు ప్రకటనకు బదులు, అందరి పాస్‌వర్డులూ అచ్చయ్యాయి! కారణం తెలిస్తే మీరు నవ్వుతారు. ఇద్దరు నిర్వాహకులు ఒకే డైరెక్టరీలో, ఒకే సమయంలో, ఒకరు ప్రకటననూ మరొకరు పాస్‌వర్డుల ఫైలునూ సవరిస్తున్నారు. ఎడిటర్ ప్రోగ్రాము ఇద్దరికీ ఒకే పేరుతో తాత్కాలిక ఫైలు తయారుచేసింది. రెండూ తారుమారయ్యాయి. కోర్బాటో తన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో ఈ సంగతి స్వయంగా చెప్పారు. తాత్కాలిక ఫైలు అన్న మాట గుర్తుపెట్టుకోండి, సచిన్ కథలోనూ అదే వస్తుంది.

తర్వాత యునిక్స్ వచ్చింది. చదవడం, రాయడం, నడపడం అనే మూడు హక్కులు. యజమాని, బృందం, ఇతరులు అనే మూడు వర్గాలు. మొత్తం తొమ్మిది గడులు. ఇంత సులువైన పద్ధతి నేటికీ లినక్స్‌లో నడుస్తోంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్‌లో ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ ఒక జాబితా ఉంటుంది. ఎవరికి ఏ హక్కు ఉందో, ఏది లేదో ఆ జాబితాలో రాసి ఉంటుంది. ఇళ్ళలోనూ చిన్న ఆఫీసుల్లోనూ నడిచిన విండోస్ 98లో ఇదేమీ లేదు. లాగిన్ పెట్టెలో ఎస్కేప్ మీట నొక్కితే లోపలికి వెళ్ళిపోవచ్చు! గొళ్ళెం లేని తలుపుకు తాళంకప్ప తగిలించినట్టు. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో ఈ జాబితాలు చిన్న ఆఫీసుల్లోకీ ప్రవేశించాయి. ‘నిన్నటిదాకా బాగానే పనిచేసింది’ అనే ఫిర్యాదూ వాటితోపాటే ప్రవేశించింది.

ఇక రెండో విషయం. పుస్తకంలో ఒక అంకెను రబ్బరుతో చెరిపి మరో అంకె రాస్తాం కదా, సేవ్ కూడా అలాంటిదే అని మనం అనుకుంటాం. కాదు. ఎక్సెల్ ముందుగా అదే ఫోల్డరులో ఏదో ఒక పేరుతో కొత్త ఫైలు తయారుచేస్తుంది. మొత్తం షీటును అందులో రాస్తుంది. రాయడం సజావుగా పూర్తయ్యాక పాత ఫైలును తొలగించి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. ఎందుకింత తతంగం? మధ్యలో కరెంటు పోతే పాత ఫైలైనా మిగలాలి. వర్డ్ కూడా దాదాపు ఇలాగే చేస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. సేవ్ అనే ఒక్క మాటలో ఎన్ని పనులున్నాయి? ఫోల్డరులో కొత్త ఫైలు సృష్టించడం, అందులో రాయడం, పాతదాన్ని తొలగించడం, పేరు మార్చడం. నాలుగింటికీ అనుమతి ఉండాలి. విండోస్‌లో ‘రైట్’ అనే అనుమతిలో తొలగించే హక్కు ఉండదు. అది ‘మోడిఫై’ అనే అనుమతిలో ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

ఆ మిల్లులో అంతకు ఏడాది ముందు ఎవరో పొరపాటున ఒక లెక్కల ఫైలు చెరిపేశారట. అప్పుడు కంప్యూటర్లు చూసే ఆయన, ఇకమీదట ఎవరూ చెరపకూడదని, గుమాస్తాల బృందానికి మోడిఫై తీసేసి చదవడం, రాయడం మాత్రమే ఉంచాడు. సదుద్దేశమే. పాత మునీమ్‌కు తన ఫైళ్ళను తొలగించే హక్కు మిగిలే ఉంది కనుక అతనికి ఇబ్బంది రాలేదు. కుర్రవాడు వచ్చాక అసలు సంగతి బయటపడింది. ఎక్సెల్ కొత్త ఫైలు తయారుచేయగలిగింది, రాయగలిగింది. మునీమ్ పేర ఉన్న పాత ఫైలును తొలగించే హక్కు మాత్రం కుర్రవాడి పేరున లేదు. అందుకే తాత్కాలిక ఫైలు అలాగే ఉండిపోయింది. అతను ఆరుసార్లు సేవ్ నొక్కాడు, ఆరు ఫైళ్ళు మిగిలాయి.

ఇది నేను ఎలా కనుక్కున్నాను? ఊహతో కాదు. మీరూ ఈ క్రమం నేర్చుకోండి. మొదట మెసేజ్‌ను పూర్తిగా చదివి, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకున్నాను. ‘ఏదో ఎర్రర్ వచ్చింది’ అని చెప్పేవారికి ఎవరూ సాయం చేయలేరు. తర్వాత కుర్రవాణ్ణి తన లాగిన్‌తోనే వేరే కంప్యూటర్ మీద కూర్చోబెట్టి అదే ఫైలు సేవ్ చేయమన్నాను. కాలేదు. అంటే తప్పు అతని కంప్యూటర్‌ది కాదు. పూర్తి హక్కులున్న ఉద్యోగిని కుర్రవాడి కంప్యూటర్ మీద తన లాగిన్‌తో ప్రయత్నించమన్నాను. అయింది. అంటే ఎక్సెల్ బాగానే ఉంది, ఫైలూ బాగానే ఉంది. ఇక మిగిలింది అనుమతే. ఈ రెండు పరీక్షలకు పది నిమిషాలు కూడా పట్టదు. వీటిని వదిలేసి ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించినవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఒక మాట. ఈ పరీక్ష కోసం ఎవరి పాస్‌వర్డూ అడగకూడదు. ఎవరి లాగిన్ వాళ్ళే చేయాలి.

ఆ తర్వాత ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ పేజీ తెరిచాం. మోడిఫై గడిలో టిక్కు లేదు. శేఠ్‌ను పిలిచి, ఖాళీ షీట్ ఒకటి మునీమ్ ఫైళ్ళ మాదిరి హక్కులతోనే ఆ ఫోల్డరులో పెట్టించి, ఆయన కళ్ళముందే కుర్రవాడి చేత సేవ్ నొక్కించాను. ఎనిమిది అక్షరాల కొత్త ఫైలు పుట్టింది. ముందున్న ఆరు ఫైళ్ళ సమయాలు కూడా ఆరో తేదీ సాయంత్రం నిమిషాల తేడాలో వరసగా ఉన్నాయి. శేఠ్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అచ్ఛా, మషీన్ నే కియా” అన్నాడు.

అక్కడే ఒకాయన, ఎందుకీ తలనొప్పి, ‘ఎవ్రీవన్’కు ‘ఫుల్ కంట్రోల్’ ఇచ్చేస్తే సరిపోతుంది కదా అన్నాడు. నిజంగానే మెసేజ్ ఆగిపోతుంది. కానీ ఆ షీటులో ప్రతి కార్మికుడి జీతం, ముందుగా తీసుకున్న సొమ్ము, కోతలు ఉన్నాయి. నెట్‌వర్కులో ఉన్న ఎవరైనా వాటిని చదవవచ్చు, మార్చవచ్చు. పైగా ఒకరి లాగిన్ మీద చేరిన పాడు ప్రోగ్రాము సాధారణంగా ఆ మనిషి ముట్టుకోగలిగిన ఫైళ్ళన్నిటినీ ముట్టుకోగలదు. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వానాక్రై మాత్రం విండోస్‌లోని ఒక లోపం గుండా చొరబడింది కనుక దానికి అనుమతులు అడ్డు కాలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. అయినా మామూలు పొరపాట్లనూ మామూలు వైరస్‌లనూ అనుమతుల జాబితా చాలావరకు కట్టడి చేస్తుంది. ఎవరి పనికి ఎంత హక్కు కావాలో అంతే ఇవ్వాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1975లో వెలువడిన తమ వ్యాసంలో స్పష్టంగా చెప్పారు. అందువల్ల మేం జీతాలు చూసే ఇద్దరిని ఒక బృందంగా చేసి, ఆ ఒక్క ఫోల్డరుకు మోడిఫై ఇప్పించాం. పొరపాటున చెరిగిపోతుందన్న భయానికి మందు బ్యాకప్. రాత్రిపూట వేరే డిస్కులోకి కాపీ తీసే ఏర్పాటు చేశారు.

ఇలాంటి చిక్కులు మరికొన్ని ఉన్నాయి. బృందంలో చేర్చిన వెంటనే హక్కు రాదు. లాగిన్ చేసినప్పుడే బృందాల చీటీ తయారవుతుంది కనుక బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ కావాలి. నెట్‌వర్కు ఫోల్డరుకు షేర్ అనుమతి, ఫైలు అనుమతి అని రెండు తలుపులు ఉంటాయి. రెండింటిలో ఏది ఇరుకైతే అదే వర్తిస్తుంది. ఒకే డ్రైవ్‌లో ఫైలును కట్ చేసి వేరే ఫోల్డరులో పెడితే సాధారణంగా పాత అనుమతులు వెంట వస్తాయి. కాపీ చేస్తే కొత్త ఫోల్డరువి వస్తాయి. ‘వేరొకరు ఈ ఫైలు తెరిచి ఉన్నారు’ అని వస్తే అది అనుమతి సమస్య కాదు, తాళం సమస్య. కరెంటు పోయి వర్డ్ ఠక్కున ఆగినప్పుడు తాళపు ఫైలు మిగిలిపోయి, ఇంటికి వెళ్ళిపోయిన మనిషి పేరు చూపిస్తూ ఉంటుంది.

అన్నిటికన్నా వింతైనది విస్టాతో 2007 నుంచి మొదలైంది. విండోస్ 98 రోజుల లెక్కల ప్రోగ్రాములు తమ డేటాను ప్రోగ్రాము ఫోల్డరులోనే రాసేవి. మామూలు యూజరుకు అక్కడ రాసే హక్కు లేదు. ప్రోగ్రాము ఆగిపోకుండా విండోస్ ఒక ఉపాయం చేస్తుంది. ఆ రాతను ఎవరికి వారి సొంత ఫోల్డరులో, వర్చువల్ స్టోర్ అనే చోటికి మళ్ళిస్తుంది. ఫలితం ఏమిటి? పగటి గుమాస్తా ఎక్కించిన బిల్లులు, అదే కంప్యూటర్ మీద తన లాగిన్‌తో కూర్చున్న రాత్రి గుమాస్తాకు కనబడవు. బీరువా ఒకటే, తెరిచిన మనిషిని బట్టి లోపలి సరుకు మారుతుంది. ఏ ఎర్రరూ రాదు. ఒకరి మీద ఒకరికి అనుమానం మాత్రం వస్తుంది. డేటా ఫోల్డరును ప్రోగ్రాము ఫోల్డరు బయట పెట్టి, అక్కడ మోడిఫై ఇస్తే ఈ బాధ తీరుతుంది. అంతకుముందు ఇద్దరి వర్చువల్ స్టోర్లలోని ఫైళ్ళనూ వెతికి భద్రపరచాలి. వాటిని కలిపే పని చేత్తోనే చేయాల్సి రావచ్చు.

ఇప్పుడు మీకు ఒక అభ్యాసం. మీ కళాశాల ల్యాబులో అధ్యాపకుల అనుమతి తీసుకొని, ఒక ఖాళీ ఫోల్డరులో ఎక్సెల్ షీటు పెట్టి, వేరే యూజరుకు చదవడం, రాయడం మాత్రమే ఇవ్వండి. తొలగించే హక్కు ఇవ్వకండి. ఆ యూజరుగా లాగిన్ అయి సేవ్ నొక్కి, ఏ మెసేజ్ వచ్చిందో, ఫోల్డరులో ఏం మిగిలిందో మాటకు మాట రాసుకోండి. తర్వాత మోడిఫై ఇచ్చి మళ్ళీ నొక్కండి.

సచిన్‌లో ఆ సాయంత్రం ఏడో తేదీ దాటకుండానే జీతాలు చెల్లించారు. కుర్రవాడు ఆ ఆరు ఫైళ్ళను చెరపలేదు. చివరిదాన్ని తెరిచి చూస్తే ఆరో తేదీన తాను వేసిన అంకెలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. మళ్ళీ టైపు చేసే పని లేకుండా వాటినే పగార్ షీట్‌లోకి తెచ్చుకున్నాడు.