ఒక రూపము – పలు అర్థములు



సికింద్రాబాదులోని పద్మారావు నగరున స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి ఆలయము కలదు. తెలుగువారును తమిళులును అచ్చట కలిసి సేవింతురు. ఆ స్వామికి దండపాణి యని పేరు. దండము పాణియందు, అనగా చేతియందు, కలవాడని విగ్రహవాక్యము. ఆ జంటనగరములలోనే యొక మరాఠీ యింట "పాణీ" యన్నచో చెంబుతో నీరు వచ్చును. తుది దీర్ఘము తప్ప భేదము లేదు. మరాఠీ మాట "పానీయ" శబ్దము అరిగి యేర్పడినది; చేతితో దానికి చుట్టరికము లేదు. చేతితోనే కదా నీరు త్రాగుదుమని ముడివెట్టుట చమత్కారమే కాని వ్యుత్పత్తి కాదు.

"ఊరు" తెలుగున గ్రామము, సంస్కృతమున తొడ. భాసుని "ఊరుభంగము" పేరు విని, ఏ గ్రామమో పాడైన కథ యని తెలుగు బాలుడు తలచినచో వానిని గేలిసేయరాదు. అది భీముని గదచే దుర్యోధనుని తొడలు విరిగిన నాటకము. పాండవులు అయిదూళ్లైన నిమ్మన్నప్పుడు ఈయనివానికి తుదకు ఊరువులే భగ్నమైనవని ద్రావిడభాష లెఱిగినవాడే నవ్వుకొనగలడు.

నవ్వులాట కానిది భూమి లెక్క. తెలుగున గుంట యనగా పల్లము, నీటి మడుగు. కొలతలో గుంట యనగా ఎకరమున నలువదవ పాలు, 121 చదరపు గజములు. మరాఠీ, కన్నడ సీమల లెక్కయు నిదియే. ఉత్తరాంధ్రమున గుంట యనగా ఆడపిల్ల! "గుంట క్రింద రెండు గుంటలు" అని దస్తావేజులో నున్నచో మొదటిది మడుగు, రెండవది 242 గజముల నేల. వ్రాసినవానికి తెలిసినది చదివినవానికి తెలియవలె నను నియమము లేదు. తప్పు చదివినచో గట్టు కదలును. గట్టు కదలినచో అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుదురు. సర్వే నెంబరును చెక్కుబందీయు విస్పష్టముగా వ్రాయుట ఇందులకే.

గ్రంథాలయమునందలి చిక్కు వేరు. హిందీలో ఉపన్యాసమనగా నవల. మరాఠీ కన్నడములలో కాదంబరి యనగా ఏ నవలయైనను కావచ్చును. మనకు బాణభట్టుని కృతి యొక్కటే. ఇవి పాణి, ఊరుల వంటివి కావు. ఒక తల్లి బిడ్డలే వేరు వేరు ఇండ్లు చేరి నడవడి మార్చుకొన్నవి. బాణుని కథ పేరే ఆ జాతి కెల్ల పేరైనది. కావున కాదంబరి కావలెనన్న మరాఠీ పాఠకునకు సంస్కృత గ్రంథము నందిచ్చుటకు ముందు "ఎవరు వ్రాసినది?" అని యడుగవలెను. హిందీ పాఠకుడు ఉపన్యాసములు కోరినచో ప్రేమ్‌చందు నవలలున్న బీరువా చూపవలెను.