గనిలేని ఊరికి గనుల అర్థశాస్త్రము

నారాయణఖేడు ప్రాంతమున బొగ్గుగనులు లేవు, చమురుబావులు లేవు. మంజీరకు చేరువలో ఉన్నను ఈ నేల చాలవరకు వానను నమ్ముకొన్న మెట్టభూమి. జొన్న, కంది, ప్రత్తి ఇచటి పంటలు. పంట తప్పిన యేట చెఱకు నరుకుటకై పొరుగు సీమలకు వలసపోవు కుటుంబము లిచట ఎన్నో కలవు. అట్టి కుటుంబమునకు చెందిన యువకు డొకడు, డిగ్రీ ముగించి, ఖనిజముల యొక్కయు ఇంధనముల యొక్కయు అర్థశాస్త్రమున ఉన్నత విద్య నభ్యసింపదలచి మా సలహా కోరెను. వెంటవచ్చిన అతని పెద్దనాన్న మాత్రము, “మన ఊళ్లె బొగ్గు లేదు, బంగారం లేదు. గీ సదువు మనకెందుకు బిడ్డా?” అని ప్రశ్నించెను. ప్రశ్న సమంజసమైనది. దానికి మేము చెప్పిన సమాధానమునే శ్రోతలకును మనవి చేయుచున్నాము.

ముందుగా ఆ పెద్దనాన్నగారి బోరుబావినే తీసికొందము. మూడువందల అడుగుల లోతునుండి వేయి లీటర్ల నీరు పైకి తెచ్చుటకు ప్రకృతి నియమము ననుసరించి పావు యూనిటు విద్యుత్తు చాలును. కాని పంపులో, మోటారులో, గొట్టములలో కొంత శక్తి వృథా యగును గనుక సుమారు అర యూనిటు ఖర్చగును. ఎకరమునకు అంగుళము లోతు తడి ఇచ్చుటకు లక్ష లీటర్ల నీరు కావలెను. అనగా ఏబది యూనిట్లు. ఒక్కొక్క యూనిటుకు రమారమి ఏడువందల గ్రాముల బొగ్గు మండవలె ననుకొన్నచో, ఆ ఒక్క తడికి ముప్పదియైదు కిలోల బొగ్గు కాలినట్లే. గని ఊరిలో లేకున్నను బొగ్గు చేనిలోనికి వచ్చుచునే యున్నది.

తెలంగాణమున 2018 జనవరి 1 నుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చినది. రైతునకు ఉచితమైనది ఉత్పత్తిదారునకు ఉచితము కాదు. ఆ ఖర్చును ఎవరు, ఏ రూపమున భరించుచున్నారు? విద్యుత్తు వెల లేకుండ లభించినపుడు భూగర్భజలము ఎంత వేగముగ తరుగును? నీటిని సింగూరునుండి ఎత్తి తెచ్చుటకు ఉద్దేశింపబడిన బసవేశ్వర ఎత్తిపోతల పథకమునకు 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడుననే శంకుస్థాపన జరిగినది. ఎత్తిపోత యనిన ప్రతి అడుగు ఎత్తుకును విద్యుత్తు కావలెను. ఇట్టి లెక్కలను సక్రమముగ వేయ నేర్పునదే ఈ శాస్త్రము.

దీని మూలసూత్రము మన రైతులకు క్రొత్తది కాదు. పంట నమ్మిన సొమ్ము వేఱు, పొలము నమ్మిన సొమ్ము వేఱు. జొన్న మరల పండును. త్రవ్విన బొగ్గు మరల మొలవదు. కావున గని ఆదాయమున కొంతభాగము పొలము నమ్మిన సొమ్మువంటిది. బొగ్గును నేడే తీసి అమ్మి ఆ ధనమును వడ్డీకి త్రిప్పుట మేలా, రేపటి హెచ్చుధరకై నేలలోనే ఉంచుట మేలా యను ప్రశ్నను 1931లో అమెరికాలో హెరాల్డ్ హోటెలింగ్ గణితరూపమున విచారించెను. తరుగు సంపదనుండి వచ్చిన లాభమును విద్యలోను, యంత్రములలోను, ఇతర స్థిరమైన పెట్టుబడులలోను ఉంచినచో ముందుతరములు నష్టపోవని 1977లో హార్ట్‌విక్ నిరూపించెను.

ఇది పుస్తకములకు పరిమితమైన విషయము కాదు. ఇల్లెందు చెంత 1871లో డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొనెను. ఆనాటి చిన్న గనులనుండియే నేటి సింగరేణి సంస్థ పెరిగినది. అందు నేడు రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటా కలదు. కోలారు బంగారుగనులకు 1902లోనే శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చినది. అయినను 2001లో ఆ గనులు మూతపడినవి. గని మూతపడిన పిదప ఊరేమి కావలె నను ఆలోచన, గని తెరచిన నాడే జరుగవలసినది. గనుల ప్రాంతముల మేలుకై జిల్లా ఖనిజ నిధులను 2015 నాటి చట్టసవరణ ఏర్పరచినది. ఆ నిధులను వివేకముతో వెచ్చింపగల నిపుణులు మనకు అవసరము.

ఈ విద్యకు అర్థశాస్త్రము, గణాంకశాస్త్రము, కొంత భూగర్భశాస్త్రము, పన్నులు, ఒప్పందముల పరిజ్ఞానము కావలెను. అమెరికాలో కొలరాడో గనుల విద్యాలయమున ఈ పేరుతోనే ఉన్నతవిద్య కలదు. మన దేశమున 1926లో స్థాపితమైన ధన్‌బాద్ గనుల విద్యాలయము ఖనిజవిద్యకు పెద్దదిక్కు. మన కొత్తగూడెమున 1978నుండి గనుల కళాశాల నడచినది. దానిని భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగ రూపొందించుటకు ప్రభుత్వము 2025లో పూనుకొన్నది. ఉస్మానియా వంటి చోట అర్థశాస్త్రమున ఎం.ఏ. చేసి, పిదప ఈ శాఖలో పరిశోధనకు పోవుట మఱియొక మార్గము, ఖర్చు తక్కువ.

అయితే ఒక హెచ్చరిక. ఉన్న రెండెకరములను తాకట్టుపెట్టి బిడ్డను విదేశమునకు పంపుటకు మునుపు, అప్పుపై వడ్డీ ఎంత, ఉద్యోగము ఆలస్యమైనచో తీర్చు దారి యేది యని కాగితముపై వ్రాసి చూచుకొనవలెను. చిత్రమేమనగా, ఆ యువకుడు తరగతిలో నేర్వబోవు మొదటి లెక్క కూడ అదియే: నేటి రూపాయికిని రేపటి రూపాయికిని గల భేదము.

మా మాట ముగిసిన పిదప పెద్దనాన్న కొంతసేపు మౌనముగ నుండి, పట్నములోనే ఎం.ఏ. చదివించుటకు సమ్మతించెను. పొలము తాకట్టున పడలేదు, చదువును ఆగలేదు. ఆ యువకుడు ఏనాటికైన తన ఊరి బోరుబావి నీటికి నిజమైన వెల యెంతయో తన ఊరివారికే తేటతెలుగున వివరింపగలిగిననాడు, గనిలేని ఊరు చేసిన ఈ ఖర్చు వడ్డీతో సహా తిరిగివచ్చినట్లే యని మేము భావించుచున్నాము.