చల్లని గోడ సరే – పూరికప్పు వద్దు!

(కాలనీ ఇళ్ల లబ్ధిదారుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ మధ్య మన వాడకొచ్చినవాళ్లంతా ఒకటే మాట చెబుతున్నారు. సిమెంటు తగ్గించండి, మట్టితో కట్టుకోండి, పర్యావరణం బాగుంటుంది అని. మంచిదే. కానీ మట్టి గోడ, తాటాకు కప్పు మనకు కొత్తా? మన తాతముత్తాతలు బతికింది వాటిల్లోనే. ప్రకృతి మీద ప్రేమతో కాదు, గతిలేక. 1968 డిసెంబర్ 25న తమిళనాడు కీలవెన్మణిలో గుడిసెలో తలదాచుకున్న 44 మంది మనవాళ్లను సజీవంగా కాల్చేశారు. అగ్గిపుల్లకు అంటుకునే కప్పు కింద బతికినవాళ్లం శ్లాబు కావాలంటే అది సోకు కాదు, ప్రాణరక్షణ.

అట్లాగని కొత్త పద్ధతులన్నీ మోసమని కొట్టిపారేయొద్దు. లెక్క చూసుకుందాం. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడి ఉంది. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడతారు. గోడ మందం తొమ్మిదంగుళాలే ఉంటుంది, ఇటుక నాలుగోవంతు దాకా తగ్గుతుంది. అంటే 1000కి దాదాపు 250 మిగులు. మధ్యలో గాలి ఉంటది గనక ఎండవేడి తొందరగా లోపలికి దిగదు. రెండిళ్లకు ఉమ్మడి గోడ పెట్టుకుంటే ఆ ఖర్చూ ఇద్దరికీ పంచుబడుతుంది.

ఇక రెండో వైపు. పని తెలియని మేస్త్రి చేతిలో పడితే గోడ చెడుతుంది. కట్టినాక కరెంటు పైపుల కోసం చెక్కడం కష్టం, ముందే అనుకోవాలి. రేపు ఒకరు పైన గది వేయాలంటే పక్కింటోళ్లు ఒప్పుకోవాలి. సిమెంటు కలిపి అచ్చుపోసిన మట్టి ఇటుకను కాల్చక్కర్లేదు, కట్టెలూ బొగ్గూ మిగులుతాయి. నిజమే. కానీ వారాల తరబడి తడపాలి. బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడేదెవరు? మన ఆడోళ్లే. ఆ కూలి ఏ అంచనాలో రాశారు? పైగా మనకిచ్చేది చెరువు కిందో, వాగు పక్కనో పల్లపు నేల. ఎత్తుగా రాతి పునాది లేకపోతే అడుగు నుంచే చెమ్మ ఎక్కుతుంది.

రామగుండం, పాల్వంచ లాంటి థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల బూడిద ఇటుక దొరుకుతుంది. పొలం మట్టి తవ్వే పని లేదు. దూరమైతే మాత్రం లారీ కిరాయే లాభాన్ని మింగేస్తుంది.

ఇటుక బట్టీల్లో ఒళ్లు కాల్చుకునేది మనవాళ్లు. గోడ కట్టేదీ మనవాళ్లే. ఏ గోడ కట్టాలో నిర్ణయించేది మాత్రం మనం కాదు! అసలు గొడవ ఇక్కడుంది.

అందుకే మనం నాలుగు అడుగుదాం. ఒకటి, కప్పు శ్లాబే. రెండు, ముందు మెరక పోయాలి, రాతి పునాది వేయాలి, ఆ తర్వాతే గోడ మాట. మూడు, మన వాడ పిల్లలకు కూలి ఇస్తూ ఈ కట్టుబడి నేర్పాలి. నాలుగు, మిగిలిన ఇటుక డబ్బు ఇంటివాళ్లదే, కాంట్రాక్టరుది కాదు. ఇక మనలో మనం చేసుకోవాల్సింది ఒకటుంది: ఉమ్మడి గోడ ఒప్పందం నోటిమాటగా వద్దు, కాగితం మీద రాసుకుందాం.

చివరగా ఒక్క మాట. ఇది అంత మంచిదైతే తహసీల్దారు ఆఫీసు కొత్త గోడా, ఊళ్లో పెద్దింటి గోడా కూడా ఇట్లాగే కట్టండి. భూమిని కాపాడే భారమంతా భూమిలేనోడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

జై భీమ్!